ఓటీపీ ఎవరి ఫోనుకొస్తోంది?

"పేరు? వయసు? ఫోన్ నంబరు చెప్పండి మేడమ్!"

రక్తపరీక్షకు వెళ్లినా, స్కానింగుకు వెళ్లినా కౌంటర్లో కూర్చున్న అమ్మాయి అడిగే మొదటి మూడు ప్రశ్నలివి. మొదటి రెండింటికీ మన జవాబు మనమే చెబుతాం. మూడోదానికి మాత్రం మనలో చాలామంది నోటివెంట అలవాటుగా వచ్చేది 'మావారి' నంబరే. గ్యాసు బుకింగుకీ అదే, కరెంటు బిల్లుకీ అదే, పిల్లల స్కూలుకీ అదే... ఆసుపత్రికీ అదే. నేనూ పెళ్లయిన దగ్గర్నుంచీ అలాగే చెబుతూ వచ్చాను. అందులో ఆలోచించాల్సిందేదో ఉందని ఎప్పుడూ తోచలేదు.

తోచేలా చేసింది మా అక్కయ్య కూతురు. న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. డిజిటల్ ఆరోగ్య చట్టాలు, మన ఆరోగ్య సమాచారం ఎవరి చేతుల్లో ఉండాలి అన్నది తన పరిశోధనాంశం. "పెళ్లెప్పుడే?" అని అడిగే చుట్టాలే తప్ప "పీహెచ్‌డీ దేని మీదే?" అని అడిగేవాళ్లు లేరని పాపం దానికి చిన్న బాధ. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నేను అడిగాను. జవాబు చెప్పకుండా ఎదురుప్రశ్న వేసింది.

"పిన్నీ, నీ థైరాయిడ్ రిపోర్టు ఎక్కడుంది?"

"బీరువాలో, ప్లాస్టిక్ కవర్లో. ఎందుకే?"

"అది కాగితం పిన్నీ. ల్యాబు కంప్యూటర్లో ఒకటుంది. డాక్టరుగారి దగ్గర ఒకటుంది. బిల్లు పెట్టారు కాబట్టి బీమా కంపెనీ దగ్గర ఒకటుంది. బాబాయి వాట్సాప్‌లో ఒకటుంది. ఇన్నిచోట్ల ఉంది. నీ ఫోన్లో మాత్రం లేదు!"

నవ్వేశాను గానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా వీధిలో ఓ కొత్తకోడలి సంగతి గుర్తొచ్చింది. నెలసరి సరిగా రావడం లేదని స్కానింగ్ తీయించుకుంది. రిపోర్టు భర్త ఫోనుకొచ్చింది. అతను చెడ్డవాడేం కాదు. కంగారుపడి, నర్సుగా చేసిన వాళ్ల అక్కకు పంపాడు. అక్కయ్య మరొకరి సలహా కోసం కుటుంబం గ్రూపులో పెట్టింది. వారం తిరక్కుండానే ఎవరింట్లోనో పేరంటంలో పసుపు రాస్తూ ఓ పెద్దావిడ ఆ పిల్లనడిగింది: "ఏమ్మా, నీటిబుడగలటగా? పిల్లలు పుడతారంటనా?" ఆ తర్వాత ఆ అమ్మాయి పేరంటాలకు రావడం మానేసింది. మందులు వాడటం కూడా కొన్నాళ్లు మానేసిందట. మళ్లీ పరీక్షకు వెళితే మళ్లీ అందరికీ తెలుస్తుందని!

ఇక్కడ తప్పు ఎవరిది? ల్యాబుదా? భర్తదా? ఆడపడుచుదా? ఫోన్ నంబరు అలవాటుగా చెప్పిన ఆ అమ్మాయిదా? దీనికి చట్టం ఏమంటుంది? ఈ ప్రశ్న పట్టుకుని మా అక్కయ్య కూతురు చదివే కాగితాలన్నీ దాని పక్కన కూర్చుని చదివించుకున్నాను. తెలిసింది మీతో చెప్పుకోవాలనిపించింది.

ముప్ఫయ్యేళ్ల కిందటి ఓ ఉద్యోగిని

1991లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. జీవిత బీమా సంస్థలో ఉద్యోగానికి ఎంపికైన ఒకామె ప్రసూతి సెలవు తీసుకుని తిరిగొచ్చేసరికి, ప్రొబేషన్‌లో ఉండగానే ఆమెను తీసేశారు. కారణం? ఉద్యోగంలో చేరేటప్పుడు నింపిన ఫారంలో ఆఖరి నెలసరి తేదీ సరిగా చెప్పలేదట! ఆ ఫారంలో ఇంకా ఏమేం అడిగారనుకున్నారు? నెలసరి క్రమంగా వస్తోందా, నొప్పి ఉంటుందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ఎన్ని పోయాయి... ఇవన్నీ ఒక గుమాస్తా ఉద్యోగానికి!

ఇలాంటి ప్రశ్నలు స్త్రీని ఇబ్బందిపెట్టేవీ, అవమానపరిచేవీ అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ గళ్లు ఫారంలోంచి తీసెయ్యమంది. ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. మన ఒంటి సంగతులు అడిగే హక్కు అందరికీ లేదని అప్పుడే, ఆ చిన్న కేసులోనే కోర్టు చెప్పిందన్నమాట.

ఇప్పుడు చూడండి. అదే నెలసరి తేదీని మన పిల్లలు తమంతట తామే ఫోన్లో యాప్‌లలో నమోదు చేస్తున్నారు. నొప్పి ఉందా, మూడ్ ఎలా ఉంది, అన్నీ! అడిగిన యజమాని లేడు, ఫారం లేదు. కానీ సమాచారం మాత్రం వెళుతోంది. ఎక్కడికి? 2021లో అమెరికాలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 'ఫ్లో' అనే నెలసరి యాప్‌పై చర్య తీసుకుంది. ఆడవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి, ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు అందజేసిందన్నది ఆరోపణ. ఇక ముందు అడిగి, ఒప్పుకుంటేనే పంచుకుంటామని ఆ కంపెనీ రాజీకొచ్చింది. కోట్లమంది ఆడవాళ్లు వాడే యాప్ అది.

అప్పుడు కోర్టు తీసెయ్యమన్న గళ్లనే ఇప్పుడు మనం ఇష్టపడి నింపుతున్నాం. తేడా అంతే.

ఆభా వచ్చింది

ఇక మన ఆసుపత్రుల సంగతి. 2021 సెప్టెంబరు 27న కేంద్రప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా మొదలుపెట్టింది. ఆసుపత్రిలో, ఆశా కార్యకర్త నోట మీరూ 'ఆభా' అన్న మాట వినే ఉంటారు. అది పద్నాలుగు అంకెల ఆరోగ్య ఖాతా నంబరు. దానికి మన పరీక్షలూ, మందుల చీటీలూ జతచేస్తే ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరకెళ్లినా పాత రికార్డు చూపించుకోవచ్చు. మన తెలంగాణలోనూ 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి ఆరోగ్య వివరాలు నమోదు చేసే ప్రయోగం మొదలైంది.

ఇది చెడ్డదని నేననను. మా అమ్మ ఒకసారి పెళ్లికని వేరే ఊరెళ్లి అక్కడ గుండెనొప్పితో పడిపోయింది. "పాత ఈసీజీ ఉందా? ఏ మందు పడదు?" అని డాక్టరుగారడిగితే మా దగ్గర జవాబు లేదు. కవరు మా ఇంట్లో బీరువా మీదుంది! తమ్ముడు తాళం పగలగొట్టించి, ఒక్కో కాగితం ఫొటో తీసి పంపేసరికి మూడు గంటలైంది. ఆ మూడు గంటలు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. అలాంటప్పుడు ఒక్క నంబరుతో అన్నీ కళ్లముందుకొస్తే అంతకంటే కావలసిందేముంది?

ఆభా తీసుకోవడం ఐచ్ఛికం. అది లేదని వైద్యం చెయ్యననడానికి వీల్లేదు. మన రికార్డు మరో డాక్టరు చూడాలంటే మన సమ్మతి కావాలి. ఎన్నాళ్లు చూడొచ్చో మనమే చెప్పొచ్చు, తర్వాత వద్దనీ అనొచ్చు. కాగితం మీద ఇదంతా ముచ్చటగానే ఉంది.

కానీ ఆ సమ్మతి ఎలా ఇస్తాం? ఫోనుకొచ్చే ఓటీపీతో.

ఆ ఫోను ఎవరిది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. అంటే మిగిలిన సుమారు సగంమంది విషయంలో సమ్మతి అంటే భర్తదో, కొడుకుదో, మామగారిదో! ఫోను ఉన్నవాళ్లం మనమైనా ఏం చేస్తున్నాం? మావారి నంబరు చెబుతున్నాం.

చట్టం ఏం చెబుతోంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తర్వాత 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రత్యేకంగా ఆరోగ్య సమాచారం కోసమే ఒక ముసాయిదా చట్టం తయారుచేసింది. 'దిశ' అని పిలిచేవారు దాన్ని. ఆరోగ్య సమాచారానికి యజమాని ఆ రోగే అనీ, దాన్ని బీమా కంపెనీలకు, మందుల కంపెనీలకు వ్యాపారం కోసం ఇవ్వకూడదనీ అందులో ఉంది. బాగుంది కదూ? కానీ అది చట్టం కాలేదు. అన్ని రకాల సమాచారానికీ కలిపి ఒకే చట్టం వస్తోంది కదా అని పక్కనపెట్టారు.

ఆ ఒకే చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అందులో ముఖ్యమైన బాధ్యతలు అమలు చెయ్యడానికి ఆ నియమాలు సంస్థలకు పద్దెనిమిది నెలల గడువిచ్చాయి.

మంచి ముందు చెప్పుకుందాం. మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో తేలిగ్గా అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. అదీ ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలో కావాలన్నా చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో! ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత తేలిగ్గానే వెనక్కి తీసుకునే వీలుండాలి. తప్పులుంటే దిద్దించుకోవచ్చు. అవసరం తీరాక చెరిపెయ్యమనొచ్చు. రేపు మనకేమైనా అయితే మన తరఫున ఈ హక్కులు ఎవరు చూసుకోవాలో ముందే పేరు రాసిపెట్టుకోవచ్చు. అమ్మా, కూతురా, భర్తా, అది మనిష్టం. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు.

ఇక లోపాలు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో ఆరోగ్య సమాచారాన్ని 'సున్నితమైనది' అని విడిగా గుర్తించి ఎక్కువ రక్షణ ఇచ్చారు. 2023 చట్టంలో ఆ విభజన లేదు. మీరు చీర కొన్న కొట్టువాడికిచ్చిన ఫోన్ నంబరుకీ, మీ గర్భసంచి రిపోర్టుకీ చట్టం దృష్టిలో ఒకే తరగతి. గర్భస్రావం, హెచ్‌ఐవీ, మానసిక వైద్యం విషయాల్లో గోప్యత కోసం విడివిడి చట్టాలున్నాయి. గర్భం తీయించుకున్న స్త్రీ పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలుశిక్ష వెయ్యొచ్చని 2021లో సవరణ కూడా తెచ్చారు. మంచిదే. మరి నీటిబుడగలకీ, థైరాయిడుకీ, రొమ్ములో గడ్డకీ? మామూలు తరగతే.

ఇంకోటి. ఆ 250 కోట్ల జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది. నష్టపోయిన మనిషికి ఒక్క రూపాయి కూడా రాదు. ఇదివరకు ఐటీ చట్టంలోని 43ఏ సెక్షను కింద నష్టపరిహారం అడిగే దారి ఉండేది. కొత్తచట్టం ఆ సెక్షనుకు స్వస్తి చెబుతోంది. పైగా ఉత్తుత్తి ఫిర్యాదు చేశావని తేలితే మనకే పదివేల దాకా జరిమానా! మా అక్కయ్య కూతురు పరిశోధనలో సగం పేజీలు ఈ ఒక్క సంగతి మీదే ఉన్నాయట.

భద్రంగా ఉంచకపోవడమంటే ఏదో ఊహించి చెబుతున్నది కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. దేశంలో ఎంతో పేరున్న ఆసుపత్రి అది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల్లోంచి, డాక్టరు పరీక్షిస్తుండగా తీసిన ఆడవాళ్ల వీడియోలు బయటికొచ్చి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ వీడియోల్లో ఉన్నవాళ్లు ఎవరు? సూదిమందు వేయించుకోవడానికో, కడుపులో బిడ్డ ఎలా ఉందో చూపించుకోవడానికో వెళ్లిన మనలాంటివాళ్లే కదా.

ఇలాంటి లీకు జరిగితే సంస్థ ఆలస్యం చెయ్యకుండా బాధితులకు కబురు చెప్పాలని కొత్త నియమాలంటున్నాయి. ఎలా చెబుతారు? మనం నమోదు చేసుకున్న ఖాతాకో, ఫోనుకో. అంటే మన గుట్టు బయటపడిందన్న కబురు కూడా మావారి ఫోనుకే వస్తుందన్నమాట!

గడప దగ్గర ఆగిపోయే చట్టం

ఇప్పుడు మా వీధి అమ్మాయి దగ్గరకొద్దాం. ల్యాబు ఏం తప్పుచేసింది? ఇచ్చిన నంబరుకు రిపోర్టు పంపింది. తప్పు లేదు. మరి గ్రూపులో పెట్టడం? 2023 చట్టంలో మూడో సెక్షను చూడండి. ఒక వ్యక్తి సొంత అవసరానికో, ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదు. భర్త అక్కకు పంపడం, అక్క గ్రూపులో పెట్టడం, అన్నీ ఇంటి వ్యవహారాలే! కంపెనీలను 250 కోట్లకు బెదిరించగల చట్టం మన ఇంటి గడప దగ్గర చెప్పులు విప్పి ఆగిపోతుంది.

ఆగక ఏం చేస్తుందిలెండి. ప్రతి ఇంట్లో ఫార్వర్డు మెసేజీలకు పోలీసులు రావాలని ఎవరం కోరుకోం. కానీ ఈ చట్టాలన్నీ ఒక మనిషిని ఊహించుకుని రాసినవి. ఆ మనిషికి సొంత ఫోనుంది, సొంత సంతకముంది, కౌంటర్ దగ్గర ఒంటరిగా నిలబడి చదువుకునే తీరికుంది. మనం ఆసుపత్రికి అలా వెళతామా? పక్కన భర్త, వెనక అత్తగారు, చంకలో పిల్ల. "ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్" అంటే పెడతాం. కాగితం కూడా చాలాసార్లు ఆయనే నింపుతాడు. దాన్ని సమ్మతి అందామా?

ఈ మాట అంటే మావారు కాస్త నొచ్చుకున్నారు. "నా దగ్గర దాచాల్సినవేం ఉన్నాయోయ్ నీకు?" అన్నారు. దాచడం వేరు, నా చేత్తో నేను ఇవ్వడం వేరు. నా రిపోర్టు ముందు నేను చదివి, తర్వాత ఆయనకు చెబితే అది నమ్మకం. నాకంటే ముందే ఆయనా, ఆయన ద్వారా ఊరూ చదివితే దాన్ని ఏమనాలి? డాక్టరుగారి గదిలోకి వెళ్లినప్పుడు తలుపు వేస్తారు కదా. ఆ తలుపు ఫోనులోనూ ఉండాలి.

మన చేతిలో ఉన్నది

చట్టం రానిచోట మనమే కాస్త మెలకువగా ఉండాలి. ఇందులో పెద్ద పోరాటాలేం అక్కర్లేదు.

కౌంటర్ దగ్గర మీ నంబరు చెప్పండి. ఇదివరకే మావారి నంబరుంటే మార్చమనండి. ఆభా ఖాతాకు కూడా ఏ ఫోన్ జతచేసి ఉందో ఒకసారి చూసుకోండి, మార్చుకోవచ్చు. ఇంట్లో చదువురాని అత్తగారో, ఫోనులేని పనమ్మాయో ఉంటే, ఓటీపీ చెప్పేముందు అది దేనికోసమో వాళ్లకు చెప్పి, "సరేనా?" అని అడగండి. ఆ ఒక్క మాటే సమ్మతంటే.

సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉందా అని అడగండి. ఈరోజు లేకపోవచ్చు. పదిమందీ అడిగితే వస్తుంది. మీ కేసు షీటు, రిపోర్టులు మీ హక్కు. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలనీ, ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు దాచాలనీ 2002 నాటి వైద్యమండలి నియమాల్లోనే ఉంది. "ఇవ్వం" అంటే ఈ సంగతి గుర్తుచెయ్యండి. నెలసరి యాప్ వాడే పిల్లలుంటే, అందులో పేరూ ఫోన్ నంబరూ ఇవ్వక తప్పదా అని కూర్చోబెట్టి అడగండి. గోడకు వేలాడే క్యాలెండరు మీద చుక్క పెట్టుకున్నా ఆ పని జరుగుతుంది!

అన్నిటికంటే ముఖ్యం, ఎవరి రిపోర్టయినా, అది చెల్లెలిదైనా, కోడలిదైనా, వాళ్లనడగకుండా గ్రూపులో పెట్టకండి. ఆరోజు మా వీధి అమ్మాయి రిపోర్టు గ్రూపులో పెట్టిందీ, పేరంటంలో నోరు జారిందీ ఇద్దరూ ఆడవాళ్లేనని మరిచిపోవద్దు.

పోయినవారం మళ్లీ థైరాయిడ్ పరీక్షకెళ్లాను. "ఫోన్ నంబరు చెప్పండి మేడమ్" అంది ఆ అమ్మాయి. నోటిదాకా వచ్చిన మావారి నంబరు మింగేసి నాది చెప్పబోయాను. సగంలో తడబడ్డాను. ఎవరికీ చెప్పే అవసరం రాక నా నంబరు నాకే సరిగా గుర్తులేదు! ఫోను తీసి, చూసి చెప్పాను. సాయంత్రానికి రిపోర్టు నా ఫోనుకొచ్చింది. చదువుకున్నాను. తర్వాత వంటింట్లోంచే కేకేసి మావారికి చెప్పాను, "ఏమండీ, మందు డోసు కాస్త పెంచాలట!" అని.

మీ నంబరు మీకు నోటికొచ్చా? ఒకసారి చూసుకోండి.